ఉడుమైనా జేబు దగ్గరికొస్తే మొసలే

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ. రెండేళ్ళుగా తిరుప్పూరులో టీషర్టులు కుట్టించి తెచ్చి ‘ఉడుంపట్టు’ పేరుతో అమ్ముతున్నాం. ఛాతీ మీద ఎడమవైపు ఆకుపచ్చ దారంతో చిన్న ఉడుము బొమ్మ ఉంటుంది. పేరు మాత్రం మెడ లోపలి లేబుల్ మీదే ఉంటుంది. మొన్న ఢిల్లీ లాయర్ల నుంచి నోటీసు వచ్చింది. మా బొమ్మ వాళ్ళ క్లయింటు మొసలి లోగోకి కాపీ అట. పదిహేను రోజుల్లో అమ్మకం ఆపి, స్టాకు అప్పగించి, లెక్కలు చూపించి, నష్టపరిహారం కట్టాలట. మాది ఉడుము, మొసలి కాదు. పైగా వాళ్ళది ఒకవైపు చూస్తుంది, మాది ఇంకోవైపు. “ముఖం తిప్పేస్తే ఎవడూ ఏమీ అనలేడు” అని బొమ్మ గీసిన మా బావమరిది ధైర్యం చెప్పాడు. బజార్లో రెండు వేర్వేరు కంపెనీల మొసలి చొక్కాలు ఏళ్ళ తరబడి అమ్మడం మేమే చూశాం. వాళ్ళకి లేని తప్పు మాకెందుకు? ఇంట్లో 1,400 పీసుల స్టాకు ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు పంపిన ఫొటోలు చూశాను. మొదటిది మీ బావమరిది కాగితం మీద వేసిన బొమ్మ. అది ఖాయంగా ఉడుమే. సన్నగా సాగిన మెడ, చీలిన నాలుక, వంకీ గోళ్ళు. మంచి చెయ్యి ఉన్న కుర్రాడు, ఒప్పుకోవాలి. రెండోది చొక్కా. అక్కడికి వచ్చేసరికి బొమ్మ ఒకటిన్నర అంగుళమైంది. నాలుక ఎంబ్రాయిడరీ సూదికి అందక మాయమైంది. గోళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దలయ్యాయి. మెడ దారం మందానికి లావెక్కింది. చివరికి మిగిలింది పొట్టి కాళ్ళ మీద నిలబడి, తోక పైకి వంచి, నోరు కాస్త తెరిచిన ఆకుపచ్చ జీవి ఒకటి. ఫోన్ మా ఆవిడ చేతికిచ్చి “ఇదేంటి?” అని మాత్రం అడిగాను. “మొసలి చొక్కా. ఎవరిది?” అంది.

మీ కేసు చాలావరకు ఆ జవాబులోనే ఉంది. మీరు ఏ జంతువుని గీశారన్నది కోర్టుకి ముఖ్యం కాదు. కొనేవాడికి ఏది కనిపించిందన్నదే ముఖ్యం. ఆ కొనేవాడు కూడా రెండు చొక్కాలూ పక్కపక్కన పెట్టుకుని భూతద్దంతో చూసే మనిషి కాదు. ఎప్పుడో ఒక బొమ్మ చూసి ఉంటాడు, అది సగం సగం గుర్తుంటుంది, పండక్కి పిల్లల్ని వెంటేసుకుని హడావిడిగా షాపుకొస్తాడు. 1962లో సుప్రీంకోర్టు అమృతధార, లక్ష్మణధార అనే రెండు మందుల పేర్ల తగాదాలో ఇదే కొలబద్ద పెట్టింది: మామూలు తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న కొనుగోలుదారు. రెండు పేర్లూ మొత్తంగా వింటే మోసపోయేంత దగ్గరగా ఉన్నాయని తేల్చింది. అరవై ఏళ్ళు దాటినా మన కోర్టులు ఆ మనిషి కళ్ళతోనే చూస్తున్నాయి. ఆయనకి జంతుశాస్త్రం తెలియదు. మా నాన్నకైతే ఆ జాతి చొక్కాలన్నీ ‘బల్లి చొక్కాలే’.

ఇక ముఖం తిప్పడం గురించి. మీ బావమరిది చెప్పిన ఉపాయం కొత్తది కాదు. బజార్లో మీరు చూశామన్న ఆ రెండు మొసళ్ళ కథంతా దాని చుట్టూనే తిరిగింది. అది కొంచెం వివరంగా చెప్తాను, మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

మొదటి మొసలి ఫ్రాన్సుది. రెనే లాకోస్ట్ అనే టెన్నిస్ ఆటగాడు 1920లలో మొసలి తోలు సూట్‌కేసు కోసం తన జట్టు కెప్టెన్‌తో పందెం కాశాడు. అక్కడి నుంచి పత్రికలు ఆయన్ని మొసలి అనడం మొదలుపెట్టాయి. రోబేర్ జార్జ్ అనే స్నేహితుడు మొసలి బొమ్మ గీసిస్తే ఆయన దాన్ని కోటు మీద కుట్టించుకున్నాడు. 1933లో ఆండ్రే జిల్లియే అనే అల్లిక బట్టల వ్యాపారితో కలిసి చొక్కాల కంపెనీ పెట్టి, ఆ మొసలినే ఛాతీ మీదికి ఎక్కించాడు. అది కుడివైపు చూస్తుంది.

రెండోది సింగపూరుది. టాన్ హియాన్ సిన్ అనే వ్యాపారి 1947లో ‘క్రొకడైల్’ బ్రాండు మొదలుపెట్టాడు. ఆ మొసలి ఎడమవైపు చూస్తుంది, పైన ఆ పేరు చేతిరాతలా ఉంటుంది. ఒకళ్ళది ఐరోపా, ఒకళ్ళది ఆగ్నేయాసియా కాబట్టి మొదట్లో ఎవరి చెరువులో వాళ్ళు ఉన్నారు. రెండూ ఆసియా అంతటా పెరిగేసరికి జపానుతో మొదలై ఊరూరా తగాదాలే. చివరికి 1983లో ఒక ఒప్పందానికొచ్చారు. తైవాన్, సింగపూర్, ఇండోనేషియా, మలేషియా, బ్రూనై, ఈ ఐదు చోట్లా రెండు మొసళ్ళూ ఉండొచ్చు, ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకోకూడదు.

ఆ జాబితాలో ఇండియా లేదు, గమనించారా? ఇక్కడే మన దేశం గొడవ మొదలైంది. లాకోస్ట్ మన దగ్గర 1983లోనే బొమ్మ రిజిస్టర్ చేయించుకుంది, 1993లో అమ్మకాలు మొదలుపెట్టింది. సింగపూరు కంపెనీ 1998 ప్రాంతంలో వచ్చింది. 2001లో లాకోస్ట్ ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. సింగపూరు వాళ్ళు 1983 ఒప్పందం చూపించారు, 1985 నాటి ఒక ఉత్తరం చూపించి ఆ రాజీ ఇండియాకి కూడా వర్తిస్తుందన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. దావా వేసిన ఇరవై మూడేళ్ళకి, 2024 ఆగస్టు 14న తీర్పు వచ్చింది. పేరు లేకుండా ఒట్టి మొసలి బొమ్మ ఒక్కదాన్నే వాడటం లాకోస్ట్ రిజిస్టర్డ్ గుర్తుకి ఉల్లంఘనేనని, అది ఆపాలని, 1998 ఆగస్టు నుంచి దానిమీద వచ్చిన లాభాల లెక్క చెప్పాలని సింగిల్ జడ్జి ఆదేశించారు. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు చూస్తున్నాయన్న వాదన నిలబడలేదు. అద్దంలో చూసుకున్నంత మాత్రాన మనిషి వేరే మనిషి అయిపోడు కదా. అలాగని లాకోస్ట్ అడిగినవన్నీ రాలేదు. ఇండియాలో తమ పేరు ప్రతిష్ఠల్ని సింగపూరు వాళ్ళు సొమ్ము చేసుకున్నారన్న వాదన, కాపీరైట్ వాదన రెండూ కొట్టేశారు. ఈ తీర్పు మీద అప్పీలు ఏ దశలో ఉందో మీ లాయర్ని చూడమనండి.

ఇప్పుడు మీ చొక్కా ఇంకోసారి చూసుకోండి. పేరు మెడ లోపల, బొమ్మ ఒక్కటే బయట. సరిగ్గా ఢిల్లీలో ఓడిన పద్ధతి అదే.

అయితే అదే జంట వేరే దేశాల్లో వేరేగా తేలింది. చైనాలో 2010లో అక్కడి సుప్రీంకోర్టు లాకోస్ట్ వాదన కొట్టేసింది. రెండింటి చరిత్ర, ఎవరి మార్కెట్ వాళ్ళకి ఏర్పడిన తీరు చూసి రెండూ పక్కపక్కన ఉండొచ్చంది. న్యూజిలాండ్‌లో ఇంకా తమాషా. లాకోస్ట్ అక్కడ ఒక మొసలి గుర్తుని రిజిస్టర్‌లో ఉంచుకుంది కానీ ఆ రూపంలో ఎప్పుడూ వాడలేదు, చొక్కాల మీద తన మామూలు మొసలినే వాడింది. వాడని గుర్తుని పట్టుకుని కూర్చోవడం కుదరదని 2017లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. హాంకాంగ్‌లో మూడో మొసలి కంపెనీ ఒకటుంది. అది 2003లో లాకోస్ట్‌తో రాజీపడి, తన మొసలికి పొలుసులు పెంచి, తోక నిటారుగా నిలబెట్టి బొమ్మే మార్చుకుంది. నీళ్ళలో మొసలి బలం వేరు, గట్టు మీద వేరు. ట్రేడ్‌మార్క్ హక్కు కూడా అంతే, దేశం దాటితే లెక్క మారిపోతుంది. అందుకని “సింగపూర్‌లో అమ్ముతున్నారు కదా” అన్నది మీకు అక్కరకు రాదు. బజార్లో రెండు రకాలు వేలాడుతున్నాయంటే రెండూ చట్టబద్ధమని కాదు, ఒకదాని మీద కేసు ఇంకా నడుస్తోందని కూడా కావచ్చు.

మీకు కాస్త ఊరటనిచ్చే మాట కూడా ఉంది. జంతువు అనే ఊహ మీద ఎవరికీ పేటెంటు లేదు. దూకుతున్న ప్యూమా మీకు తెలుసు. సాబెల్ అనే డచ్ కంపెనీ తన పేరుతో పాటు దూకుతున్న చిరుత బొమ్మ పెట్టుకుంటే జర్మనీలో ప్యూమా అడ్డుపడింది. ఆ తగాదా ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్ళింది. రెండూ దూకే పులిజాతి జంతువులే కాబట్టి ఒకటి చూస్తే రెండోది గుర్తొస్తుంది అన్నంత మాత్రాన సరిపోదని, కొనేవాడు నిజంగా తికమకపడే ప్రమాదం ఉండాలని 1997 నవంబరులో ఆ కోర్టు చెప్పింది. కానీ అదే తీర్పులో ఇంకో మాటా ఉంది. ముందున్న గుర్తు ఎంత ప్రత్యేకమైనదైతే తికమక ప్రమాదం అంత ఎక్కువ. ఊళ్ళో అందరికీ తెలిసిన బొమ్మకి దగ్గరగా వెళ్ళేవాడు అందరికన్నా ఎక్కువ దూరం పాటించాలన్నమాట. న్యాయంగా ఉందా అంటే, నాకు పూర్తిగా లేదు. ఉన్నవాడికే ఇంకా చోటు దొరుకుతోంది. కానీ ఉన్న చట్టం అది.

పేరు పక్కన ఉంటే ఎంత తేడా వస్తుందో అమెరికాలో గుర్రాల కేసులో కనిపిస్తుంది. రాల్ఫ్ లారెన్‌ది ఒక గుర్రం మీద ఒక పోలో ఆటగాడు. అమెరికా పోలో సంఘం 1890 నుంచి ఉంది, దాని చొక్కాల మీద ఇద్దరు రౌతులు. జూరీ ముందు సంఘం వాళ్ళ బొమ్మ నాలుగు రకాలుగా పెట్టారు. నిండుగా నింపిన బొమ్మ ఒట్టిగా, అదే బొమ్మ సంఘం పేరుతో, గీతలతో మాత్రమే గీసిన బొమ్మ, అదీ పేరుతో. తప్పని తేలింది మొదటిదొక్కటే. మిగతా మూడింటినీ వదిలేశారు. 2008లో అప్పీలు కోర్టు కూడా దాన్నే సమర్థించింది. కింద నాలుగక్షరాలు ఉండటం, బొమ్మ నిండుగా కాక గీతల్లో ఉండటం, అంత చిన్న తేడాల మీద పెద్ద పెద్ద కంపెనీలు ఏళ్ళకేళ్ళు కొట్టుకున్నాయి. మీరు నాలుగు అక్షరాలు మెడ వెనక దాచారు.

ఇక మీరు చేయాల్సినవి.

నోటీసు చించి పారేయకండి, అలాగని భయపడి ఫోన్ చేసి ఆ లాయర్లతో మాట్లాడకండి కూడా. “తెలియక చేశాం సార్” అని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టినా రేపు అది కోర్టు ఫైల్లో ఉంటుంది. ట్రేడ్‌మార్క్ కేసులు చూసే లాయర్ ద్వారా గడువులోపు జవాబు వెళ్ళాలి. పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో ఒక లెక్క చెప్తాను. ఆగ్రాలో ప్యూమా గుర్తుతో నకిలీ బూట్లు అమ్మిన ఒక వ్యాపారి ఢిల్లీ హైకోర్టుకి హాజరే కాలేదు. 2023 అక్టోబరులో పది లక్షల నష్టపరిహారం, రెండు లక్షల ఖర్చులు పడ్డాయి. మీది నకిలీ సరుకు కాదు, సొంత పేరున్న బ్రాండు, కాబట్టి దాంతో పోల్చి బెంబేలెత్తకండి. వెళ్ళి మన మాట చెప్పుకోకపోతే అవతలివాడి మాటే మిగులుతుందని చెప్పడానికే అన్నాను.

“మేం హనుమకొండలో ఉంటే ఢిల్లీలో కేసెలా?” అనుకుంటారేమో. ట్రేడ్‌మార్క్ చట్టం 134వ సెక్షన్ ప్రకారం దావా వేసేవాళ్ళు తమ వ్యాపారం ఉన్నచోటే వేసుకోవచ్చు. ఇలాంటి కేసుల్లో మీ మాట వినకుండానే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు రావడం, కోర్టు పంపిన లోకల్ కమిషనర్ మీ గోడౌన్‌కి వచ్చి స్టాకు లెక్కపెట్టి సీల్ వేయడం మామూలే. అందుకని ముందే కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకి పెట్టుకునే అర్జీ, వేయించండి. అది తొంభై రోజులు పనిచేస్తుంది, మీకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వడం కష్టమవుతుంది. ఏ కోర్టులో వేయాలో నోటీసులో రాసిన మొత్తాన్ని బట్టి లాయర్ చెప్తారు.

ఈ లోపు కొత్త సరుకు కుట్టించడం ఆపేయండి, తిరుప్పూరుకి ఇవాళే చెప్పండి. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోలు తీసేయండి. కానీ పాత మెసేజులు, బిల్లులు మాత్రం ఒక్కటీ చెరపకండి. హోల్‌సేల్ కస్టమర్లు “మొసలివి ఒక యాభై పంపన్నా” అని పెట్టారని ఫొటోలతో పాటు పంపిన మెసేజులో మీరే రాశారు. అది మీకు ఇబ్బందికరమైన సాక్ష్యమే, అయినా చెరిపితే అంతకన్నా పెద్ద ఇబ్బంది. ఇంకొకటి, కోపం తెచ్చుకోకుండా బావమరిదిని కూర్చోబెట్టి అడగండి. గీసేటప్పుడు ముందు ఏ బొమ్మ పెట్టుకున్నాడు? “ముఖం తిప్పేస్తే” అన్న మాట దేన్ని తిప్పడం గురించి? దానికి నిజమైన జవాబు మీ లాయర్‌కి మొదటి రోజే తెలియాలి, అవతలి లాయర్ నోట తెలియకూడదు.

రెండేళ్ళ వాడకం మీకు రక్షణ కాదు. తెలిసీ ఐదేళ్ళు వరసగా ఊరుకుంటేనే అవతలివాళ్ళ హక్కు మందగించే వీలుంది, అదీ మీ గుర్తు రిజిస్టర్ అయి ఉంటేనే. మీది రిజిస్టర్ కాలేదు. లేబుల్ మీద గుండ్రటి గీతలో ఆర్ అక్షరం వేశారు, అది వెంటనే తీసేయండి. రిజిస్టర్ కాని గుర్తుకి అలా వేసుకోవడం చట్టం ఒప్పుకోదు.

నా ఉద్దేశంలో మీరు ఈ బొమ్మ కోసం పోరాడొద్దు. మాట కోసం పోరాడండి. నోటీసులో ‘ఉడుంపట్టు’ అనే పేరు మీద ఒక్క అభ్యంతరం కూడా లేదు, రెండుసార్లు చదివాను. మీ అసలు ఆస్తి అదే. ఇక్కడ పిల్లాడికి కూడా అర్థమయ్యే మాట, ఫ్రాన్సులోనూ సింగపూర్‌లోనూ ఎవరూ దాని జోలికి రారు. లాయర్ చేత మర్యాదగా రాజీ ప్రతిపాదన పెట్టించండి: ప్రస్తుత బొమ్మ మానేస్తాం, మళ్ళీ వాడమని రాసిస్తాం, నష్టపరిహారం అడగొద్దు, ఉన్న స్టాకు మీద బొమ్మ కప్పేసి అమ్ముకోవడానికి మూడు నెలలు ఇవ్వండి. చిన్న వ్యాపారాల విషయంలో చాలా కంపెనీలు ఇలాంటి దానికి దిగొస్తాయి, ఢిల్లీలో కేసు నడపడం వాళ్ళకీ ఖర్చే. వాళ్ళు పంపే రాజీ పత్రంలో “ఉద్దేశపూర్వకంగా కాపీ చేశాం” అన్న లైను ఉంటే మాత్రం అది కొట్టేయకుండా సంతకం పెట్టకండి. “స్టాకంతా ధ్వంసం చేస్తాం” అని ఉన్నా ఒకటికి రెండుసార్లు బేరమాడండి.

స్టాకు విషయంలో ఒక సలహా. దారం విప్పించే ప్రయత్నం చేయకండి. మీరు వాడింది గళ్ళ అల్లిక బట్ట, కుట్టు ఊడదీస్తే సూది బెజ్జాలు ఉడుము ఆకారంలోనే మిగిలిపోతాయి, ఒకటి రెండు ఉతుకుల్లో చిరుగుతాయి. దానిమీద ఒకటిముప్పావు అంగుళాల గుడ్డ ప్యాచ్, ‘ఉడుంపట్టు’ అని తెలుగు అక్షరాల్లో నేయించింది, కుట్టించేయండి. రాజీ పత్రంలో ప్యాచ్ నమూనా ఫొటో జతచేసి, దానికి వాళ్ళ ఒప్పుదల తీసుకున్నాకే 1,400కీ కుట్టించండి, ముందు కాదు.

ఉడుముని వదులుకోవాల్సిన పని లేదు, మొసలి భంగిమని వదిలితే చాలు. మొసలి బొమ్మలన్నీ పక్కనుంచి చూసినవే. మీరు పైనుంచి చూడండి. ఉడుము గోడకి అతుక్కుని పైకి పాకుతుంటే ఎలా ఉంటుంది? నాలుగు కాళ్ళూ బార్లా చాచి, తోక కిందికి వేలాడుతూ, తల పైకి. నడుముకి తాడు కట్టి కోట గోడలెక్కారని కథలు చెప్పుకునేది ఆ భంగిమ గురించే. ఆ తాడు కూడా పెట్టండి. ఆకుపచ్చ వద్దు, మట్టిరంగు దారం వాడండి. ఒకే రంగుతో నింపేయకుండా గీతలతో కుట్టించండి. కింద పేరు బయటికే ఉండాలి. ఒకటిన్నర అంగుళానికి కుట్టించి, సంబంధం లేని పదిమందికి చూపించి ఇదేంటని అడగండి. అందులో ఒక్కరు మొసలి అన్నా మళ్ళీ గీయించండి. (ఉడుము వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. దాన్ని పట్టుకుంటే జైలే. బొమ్మకి ఆ బాధ లేదు లెండి.)

కొత్త బొమ్మ ఖాయమయ్యాక, కుట్టించక ముందే, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతికించండి. బట్టలది 25వ తరగతి. అక్కడ పేరుతోనే కాక బొమ్మల కోడ్‌తో కూడా వెతకొచ్చు, జంతువులన్నీ మూడో వర్గంలో ఉంటాయి. తర్వాత రెండు దరఖాస్తులు వేయండి: పేరుకి ఒకటి, బొమ్మకి ఒకటి. వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు. తెలుగు అక్షరాలకి ఇంగ్లీషు ఉచ్చారణ, అర్థం కూడా రాసివ్వాలి. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై ఆఫీసు కిందికి వస్తాయి, మీరు అక్కడికి వెళ్ళక్కర్లేదు. రిజిస్ట్రీ వాళ్ళ ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలలపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. నోటీసు పంపినవాళ్ళు ఆ జర్నల్ తప్పకుండా చూస్తారు, అందుకే రాజీ పత్రంలోనే కొత్త బొమ్మకి అభ్యంతరం లేదని రాయించుకోండి. రిజిస్టరైతే పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యూ చేసుకోవాలి. రిజిస్టర్ చేయించిన రూపమే చొక్కా మీద వాడండి, న్యూజిలాండ్ సంగతి చదివారుగా.

నోటీసు మీద తేదీ చూశాను. మీ ఉత్తరం నాకు చేరేసరికే ఐదు రోజులు అయిపోయాయి. ఇది చదివాక ముందు లాయర్ దగ్గరికి వెళ్ళండి, నోటీసు వచ్చిన కవరు కూడా పట్టుకెళ్ళండి. అది మీకు ఏ రోజు అందిందో దానిమీది పోస్టాఫీసు ముద్రే చెప్తుంది.